డేటా ట్రాన్స్‌ఫర్ లెక్క అడిగితే ఫిర్యాదు టికెట్ మూసేశారు

కస్టమర్ సపోర్ట్ విభాగాధిపతి గారికి,

విషయం: ఛార్జీల వివరం ఇవ్వకుండానే మా ఫిర్యాదు పరిష్కారమైందని చూపడం గురించి

నమస్కారం.

మా సర్వర్లు ఏళ్ల తరబడి మీ క్లౌడ్‌లోనే నడుస్తున్నాయి. ఏ నెలా బిల్లు ఆలస్యం చేయలేదు. మేము అడిగింది ఒక్కటే. బిల్లులో డేటా ట్రాన్స్‌ఫర్ అని ఒకే మొత్తంగా వేసిన దాంట్లో ఇంటర్నెట్‌కు వెళ్లిన డేటాకు ఎంత, మీ డేటా సెంటర్ల జోన్ల మధ్యే తిరిగిన దానికి ఎంత? సర్వర్‌కు గంటకు ఎంతో ఎవరి వెబ్‌సైట్‌లో చూసినా తెలుస్తుంది. ఈ లెక్క తేలకుండా మాత్రం మీ ధరను ఇంకొకరి ధరతో పోల్చలేం.

మీ చాట్‌బాట్ ప్రైసింగ్ కాలిక్యులేటర్ లింకు పంపింది. ఎన్ని జీబీలో మేము చెబితేనే అది లెక్క వేస్తుంది. ఆ సంఖ్య తెలియకే కదా మిమ్మల్ని అడిగాం! తర్వాత వచ్చిన ఏజెంట్ మా ప్రశ్న చదవకుండానే, వాడని సర్వర్లు ఆపేయమన్నారు. ఆపేసినా డిస్కులకు ఛార్జీ పడుతూనే ఉంటుందని మేమే ఆయనకు చెప్పాల్సి వచ్చింది. ఆయన బిల్లింగ్‌కు పంపారు. వాళ్లు ఇది టెక్నికల్ విషయమన్నారు. టెక్నికల్ వాళ్లు మళ్లీ బిల్లింగ్‌నే అడగమన్నారు. ఎవరి దగ్గరికి వెళ్లినా మొదటి నుంచి చెప్పుకోవాలి, అవే స్క్రీన్‌షాట్లు మళ్లీ పంపాలి. అకౌంట్ మేనేజర్‌కు రాస్తే, ఆయన వేరే టీమ్‌కు మారారని ఆటోమేటిక్ జవాబు వచ్చింది. ఆయన స్థానంలో ఎవరున్నారో ఈ రోజుకీ తెలియదు.

చివరికి ఫోన్ వచ్చింది, అదీ సేల్స్ నుంచి. మూడేళ్ల కమిట్‌మెంట్ తీసుకుంటే, అంటే మూడేళ్లు మీ సేవలే వాడతామని ముందే ఒప్పుకుంటే, డిస్కౌంట్ ఇస్తారట. ఈ నెల బిల్లే అర్థం కానప్పుడు మూడేళ్లకు ఎలా ఒప్పుకుంటామని అడిగాం. కనుక్కుని చెబుతామని పెట్టేశారు. ఆ తర్వాత వచ్చింది టికెట్ మూసేశామన్న మెయిల్. కింద, మా సేవకు ఎన్ని స్టార్లు ఇస్తారని ప్రశ్న. అది చూసి కడుపు మండిపోయింది. బిల్లు ఎక్కువైనందుకు ఇంత బాధ లేదు. ఇన్నేళ్ల కస్టమర్ల మాట పూర్తిగా వినడానికి మీ దగ్గర ఒక్క మనిషి కూడా లేకపోయారు.

మేము ఎక్కడికీ పోలేమని అనుకోవద్దు. తమను వదిలి వెళ్లే కస్టమర్ల నుంచి డేటా తరలింపు ఛార్జీ తీసుకోబోమని 2024 జనవరిలో గూగుల్, మార్చిలో అమెజాన్, మైక్రోసాఫ్ట్ ప్రకటించాయి. యూరోపియన్ యూనియన్‌లోనైతే 2027 జనవరి 12 నుంచి ప్రొవైడర్ మారినందుకు ఛార్జీ వేయడాన్ని డేటా చట్టమే నిషేధిస్తోంది. వెళ్లిపోయే వాళ్లకే అంత మర్యాద దక్కుతుంటే, ఉన్న మాకు మీరు జవాబు కూడా ఇవ్వరా?

టికెట్ మళ్లీ తెరవండి. మా బిల్లు చదివిన వారెవరైనా స్వయంగా మాతో మాట్లాడాలి. లేదంటే కమిట్‌మెంట్ సంగతి దేవుడెరుగు, ముందు బ్యాకప్‌లు, ఆ వెనకే డేటాబేస్‌లు తరలిస్తాం. ఎందుకు వెళ్తున్నామో ఈ మెయిళ్లన్నీ జతచేసి మీ యాజమాన్యానికి రాస్తాం.

ఇట్లు,
మీ పాత కస్టమర్