మాక్ వెర్షన్ ఎందుకు ఆపామంటే

మీరు టైపు చేసిన కమాండ్లను నడిపే మన షెల్ ప్రోగ్రాం కొత్త వెర్షన్ ఈ వారం లైనక్స్ వాడేవారికి అందుతుంది. మాక్ వాడేవారికి మాత్రం నెలాఖరు దాకా రాదు. ప్రస్తుతం మీ దగ్గరున్న వెర్షన్‌కు ఏ ఇబ్బందీ లేదు, దాన్నే నిశ్చింతగా వాడుకోండి. మాక్ చందాదారులందరికీ గడువు ఒక నెల పొడిగించాం; ఎవరూ అడగనక్కర్లేదు.

ఇక అసలు సంగతి. మా టెస్టుల్లో కొన్నింటికి 'ఈ యంత్రం మీద తప్పుతుందని తెలుసు' అని ముందే గుర్తు పెట్టుకుంటాం. ఆల్పైన్ లైనక్స్‌నే తీసుకోండి. అక్కడి సి లైబ్రరీ (ప్రోగ్రాములు ఆధారపడే మూల కోడ్) పేర్లను బైట్ల లెక్కన వరుస పెడుతుంది కాబట్టి, ఇంగ్లిష్ చిన్న 'ఎ'తో మొదలయ్యే ఫైలు కంటే పెద్ద 'బి'తో మొదలయ్యేది ముందొస్తుంది, అక్షర క్రమం చూసే టెస్టు తప్పుతుంది. మాక్‌లో అలాంటిదే ఇంకొకటుంది. రిపోర్ట్ అనే పేరును ఒకసారి పెద్ద 'ఆర్'తో, ఒకసారి చిన్న 'ఆర్'తో రాసి రెండు ఫైళ్లు తయారుచేసే టెస్టు అది. లైనక్స్‌లో రెండూ నిలుస్తాయి. మాక్ డిస్కు మామూలుగా ఆ తేడా చూడదు. రెండోది వచ్చి మొదటిదాన్ని చడీచప్పుడు లేకుండా తుడిచేస్తుంది.

ఆ టెస్టు ఉన్నట్టుండి పాసైంది. వెంటనే రిలీజు ఆగింది. పాసైతే ఆపడమేమిటని కొందరు ఫోన్ చేసి అడిగారు. తప్పుతుందని రాసుకున్నది నెగ్గినా మాకు ఎర్రదీపమే. టెస్టులు నడిపే సాధనాల్లో ఆటోమేక్ లెక్కా ఇదే. పైటెస్ట్ అనే మరో దాంట్లో అయితే 'స్ట్రిక్ట్' అని మనమే పెట్టుకోవాలి. మా కోడ్‌లో ఒక్క అక్షరం మారలేదు, మరి ఎలా నెగ్గింది?

మాకు మాక్ యంత్రాలు అద్దెకిచ్చే సంస్థ, మాటమాత్రమైనా చెప్పకుండా, మమ్మల్ని వేరే యంత్రం మీదికి మార్చింది. దాని డిస్కును పెద్ద, చిన్న అక్షరాల తేడా చూసేలా ఫార్మాట్ చేశారు. అడిగితే 'ఇంకా మంచిదే ఇచ్చాం కదా' అన్నారు. మంచిదే కావచ్చు, మీ బల్లల మీదున్న మాక్‌లాంటిది మాత్రం కాదు. దాని మీద పాసైన మిగతా ఫలితాలన్నీ నాకు చిత్తు కాగితాలే. ఏనాడూ అద్దె ఆలస్యం చేయని మాకు ఆ జవాబు ఇప్పటికీ మింగుడు పడటం లేదు.

ఈ టెస్టును మాక్‌లో నడపడమే మానేద్దామన్న మాట ఈ గొడవకు ముందే వచ్చింది. డిస్కు స్వభావానికి షెల్ ఏం చేస్తుందన్నాడు మా ప్రోగ్రామరు. న్యాయమైన ప్రశ్నే. యూటీఎఫ్-8 (అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి) ప్రకారం చెల్లని బైట్లతో ఫైలు పేరు పెట్టే టెస్టును మాక్‌లో అలాగే నడపకుండా వదిలేశాం: మాక్ డిస్కు ఫార్మాట్ ఏపీఎఫ్‌ఎస్ ఆ పేరును తీసుకోనే తీసుకోదు, ఎవరికీ ఏమీ పోదు. పైగా మన పాత ఖాతాదారు ఒకరికి టెండరు కోసం 'విఫలమైనవి: సున్నా' అన్న కాగితం కావాలి. పెద్ద ఆర్డరు. ఆయన మంచివారు, మోసం చేయమని అడగలేదు. రిపోర్టులో ఈ టెస్టు వరుసను 'దాటవేసినవి' కిందికి మార్చితే చాలన్నారు. చాలా రాత్రులు దీని మీదే తర్జనభర్జన పడ్డాను. కానీ ఇక్కడ పోయేది మీ ఫైలు. తుడిచేముందు షెల్ హెచ్చరించగలదు, మనది ఇంకా హెచ్చరించడం లేదు. ఆ పని పూర్తయ్యేదాకా ఆ వరుస రిపోర్టులో ఉండాల్సిందే. ఆర్డరు పోతే పోనివ్వండి. అసలు ఆ టెస్టును పక్కన పెట్టి ఉంటే యంత్రం మారిన సంగతే మాకు తెలిసేది కాదు.

అద్దె ఒప్పందం రద్దు చేశాం. సెకండ్ హ్యాండ్ మాక్ ఒకటి కొని, డిస్కును అందరికీ వచ్చే ఫార్మాట్‌లోనే ఉంచాం; టెస్టులన్నీ దాని మీద మొదటి నుంచి నడుస్తున్నాయి.

ఈలోగా మాక్‌లో మీ స్క్రిప్టుల మొదట్లో 'సెట్ -ఓ నోక్లాబర్' (set -o noclobber) అని పెట్టుకోండి. అప్పుడు ఉన్న ఫైలు మీద > గుర్తుతో రాయబోతే షెల్ ఒప్పుకోదు. కావాలనే రాయాలంటే >| వాడండి. ఫైళ్లను కాపీ చేసే సీపీ (cp), తరలించే ఎంవీ (mv) కమాండ్లకు ఇది వర్తించదు, వాటికి -ఐ (-i) విడిగా ఇవ్వాలి.