రోమ్ వెళ్తే ఆ మెట్లు కూడా దిగండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో రోమ్ యాత్ర వ్యాసం ఇష్టంగా చదివాను. కానీ కొలోసియం, వాటికన్, ట్రెవీ ఫౌంటెన్ గురించి అంత రాసి శాన్ క్లెమెంటే చర్చిని పూర్తిగా వదిలేశారు, అందుకే ఈ ఉత్తరం. కొలోసియం నుంచి నడిస్తే పది నిమిషాలు కూడా పట్టదు. మా టూర్ ప్లాన్‌లోనూ లేదు, ఒక పూట ఖాళీ దొరికితే నేనూ మావారూ సొంతంగా వెళ్లాం.

రోడ్డు మీదికి కనిపించేది 12వ శతాబ్దపు చర్చి. లోపల బంగారు మొజాయిక్‌లో గోడంతా అల్లుకున్న తీగలు, మధ్యలో శిలువ, దాని మీద 12 తెల్ల పావురాలు. ఇది చూడడానికి డబ్బులేం అక్కర్లేదు, కిందికి దిగాలంటే మాత్రం టికెట్ కొనాలి. దిగితే 4వ శతాబ్దపు చర్చి వస్తుంది. దాన్ని మట్టితో పూడ్చి, దాని మీదే కొత్తది కట్టేశారు. అక్కడ ఒక చర్చి ఉందన్న సంగతే జనం మర్చిపోతే, 1857లో జోసెఫ్ ములూలీ అనే ఐర్లండ్ ఫాదర్ తవ్వకం మొదలుపెట్టి బయటికి తీశారు.

ఆ పాత చర్చి గోడ మీద 11వ శతాబ్దం చివరి బొమ్మ ఒకటుంది, నేను దాని దగ్గరే చాలాసేపు నిలబడిపోయాను. ఈ చర్చికి ఎవరి పేరు పెట్టారో ఆ సెయింట్ క్లెమెంట్‌ను ఈడ్చుకుపొమ్మని సిసీనియస్ అనే పెద్దమనిషి నౌకర్లను పురమాయిస్తాడు, వాళ్లేమో మాయలో పడి ఒక రాతి స్తంభాన్ని క్లెమెంట్ అనుకుని తాళ్లు కట్టి లాగుతుంటారు. సిసీనియస్ కోపంతో నౌకర్లను తిట్టే బూతు మాట కూడా పక్కనే రాసి ఉంది, అదీ లాటిన్‌లో కాదు, జనం మాట్లాడుకునే భాషలో! క్లెమెంట్ మాటలు మాత్రం లాటిన్‌లో ఉన్నాయి. మన సంస్కృత నాటకాల్లో రాజులు సంస్కృతం, పనివాళ్లు ప్రాకృతం మాట్లాడతారు కదా, ఇక్కడ యజమానే బజారు భాషలో అరుస్తున్నాడు. ఇటాలియన్ భాషకు దొరికిన తొలి రాతల్లో ఇదీ ఒకటి.

ఇంకా కిందికి వెళ్తే రోమన్ల కాలపు ఇటుక గోడలు, ఇరుకు సందు, గుహలాంటి గదిలో మిథ్రాస్ అనే దేవుడి గుడి. రెండు వైపులా రాతి అరుగులు, వాటి మీద కూర్చుని భక్తులు కలిసి భోంచేసేవాళ్లట, మధ్యలో ఎద్దును వధిస్తున్న మిథ్రాస్ బొమ్మ చెక్కిన బలిపీఠం. ఆ దేవుడి పేరు పారశీకుల మిథ్ర నుంచి వచ్చింది, మన వేదాల్లోని మిత్రుడి పేరుకూ దానికీ మూలం ఒకటే. ఎక్కడో గోడ వెనక నీళ్లు పారుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది. తవ్వకాల్లోకి నీళ్లు ఊరుతుంటే 20వ శతాబ్దం మొదట్లో సొరంగం తవ్వించి మళ్లించారు, లేకపోతే ఆ గుడి మనకు దక్కేది కాదు.

మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కాస్త చూసుకోవాలి, మెట్లు చాలా ఉన్నాయి, కింద చెమ్మగా ఉంటుంది, పట్టున్న చెప్పులు వేసుకోండి. మీరు మళ్లీ రోమ్ గురించి వేసేటప్పుడు ఆ గోడ మీద బొమ్మకు అరపేజీ అయినా ఇవ్వండి, ప్లీజ్.

– ఒక పాఠకురాలు, విజయవాడ