కేటలాగులో లేదంటే బీరువాలో లేనట్టు కాదు

సంపాదకులకు నమస్కారం.

నగరంలో కొన్ని లైబ్రరీలు తమ పుస్తకాల జాబితాను, అంటే కేటలాగును, ఆన్‌లైన్‌లో పెట్టాయి. సంతోషమే. అయితే అందులో పుస్తకం వెతకడం ఎలాగో పాఠకులకు ఎవరూ చూపించడం లేదు, వెతికితే దొరికేలా ఆ జాబితాను దిద్దే పనీ సగంలోనే ఆగినట్టుంది. మధ్యలో నష్టపోతున్నది చదువుకునే పిల్లలు.

హుద్‌హుద్ మీద ప్రాజెక్టు రాయమంటే మా వీధిలో డిగ్రీ పిల్లలు కేటలాగు తెరిచి, ‘2014లో విశాఖలో హుద్‌హుద్ తుపాను వల్ల జరిగిన నష్టం’ అని పొడుగాటి వాక్యం కొడతారు. ఫలితాలు సున్నా. ‘మన లైబ్రరీల్లో ఏముంటాయి లెండి’ అని మూసేస్తారు. గూగుల్‌లో అలా అడిగితే ఏదో ఒకటి వస్తుంది. కేటలాగు సాధారణంగా పుస్తకం లోపలి పేజీల్లోకి పోదు. పేరు, రచయిత, ప్రచురణ సంస్థ, సంవత్సరం, ఒకటి రెండు విషయ శీర్షికలు, అంటే పాత కార్డు మీద ఉండే ముక్కలే దానికి తెలుసు. అందుకని ఒకటి రెండు మాటలతోనే అడగాలి. ‘తుపాను’తో రాకపోతే ‘తుఫాను’, అదీ కాకపోతే ‘విపత్తు నిర్వహణ’. హుద్‌హుద్ గురించి అధ్యాయం ఉన్నంత మాత్రాన అట్ట మీద ఆ పేరు ఉండాలని ఎక్కడుంది? చాలా కేటలాగుల్లో మాట సగం కొట్టి నక్షత్రం గుర్తు పెడితే, ఆ సగంతో మొదలయ్యే మాటలన్నీ వస్తాయి. పనికొచ్చే పుస్తకం ఒక్కటి దొరికిందా, దాని రికార్డు పూర్తిగా తెరిచి ‘సబ్జెక్ట్’ దగ్గరున్న మాట మీద నొక్కాలి. అదే శీర్షిక కింద చేర్చిన మిగతా పుస్తకాలు వరసగా వచ్చేస్తాయి. ఆ తర్వాత పుస్తకం ఎక్కడుందో చెప్పే కాల్ నంబరు రాసుకుని ర్యాక్ దగ్గరకు వెళ్తే, దాని ఇరుగుపొరుగు పుస్తకాలూ చాలావరకు ఆ విషయానివే. విషయాన్ని బట్టి పుస్తకాలకు అంకెలిచ్చే డ్యూయీ పద్ధతి పాటించే చోట తెలుగు సాహిత్యం 894.827 దగ్గర ఉంటుంది. ఈ ఒక్క అంకె గుర్తుంటే చాలు, సగం పని అయినట్టే.

ఊరి చరిత్ర వెతికేవాళ్లకు ఇంకో చిక్కు. జిల్లాల వివరాలు చెప్పే మద్రాసు జిల్లా గెజిటీర్లలో 1907లో వచ్చిన మన జిల్లా సంపుటం పేరు ‘వైజాగపటం’. ‘విశాఖపట్నం’ అని టైటిల్ దగ్గర ఎంత కొట్టినా అది కనిపించదు. వైజాగపటం, వాల్తేరు అని కూడా అడిగి చూడాలి. సబ్జెక్ట్ దగ్గర ఇప్పటి పేరు చేర్చి ఉంటే ఈ తిప్పలుండవు. అది చేర్చాల్సింది లైబ్రరీ.

అసలు చెప్పాలనుకున్నది ఇదే. తెలుగు పుస్తకాల రికార్డులు చాలాచోట్ల ఇంగ్లిష్ అక్షరాల్లోనే ఉన్నాయి. రాచకొండ విశ్వనాథశాస్త్రి కోసం వెతకండి చూద్దాం. శాస్త్రి చివర ఐ పెట్టారా, వై పెట్టారా? మొదట్లో ఎస్ పక్కన హెచ్ ఉందా? ‘రాచకొండ’ ముందుందా, వెనకుందా? పోనీ జనం పిలిచే పేరే కదా అని ‘రావిశాస్త్రి’ అని కొడితే, నేను చూసిన ఒక కేటలాగులో ఒక్క పుస్తకమూ రాలేదు. అదే లైబ్రరీ బీరువాలో మాత్రం ఆయన పుస్తకాలు వరసగా ఉన్నాయి. ఈ ఊరివాళ్లు కాకపోయినా ఆయన పేరు తెలియని తెలుగు పాఠకులు తక్కువ, ఇక్కడి కంప్యూటరుకు మాత్రం తెలియలేదు! పాత చెక్క డ్రాయర్లలో ‘రావిశాస్త్రి – చూడుడు: రాచకొండ విశ్వనాథశాస్త్రి’ అని అడ్డ కార్డు పెట్టే పద్ధతి ఉండేది. కంప్యూటర్లలోనూ ఆ ఏర్పాటు ఉంది, నింపేవాళ్లే కావాలి.

తెలుగులోనే ఎక్కించిన రికార్డులకూ తిప్పలున్నాయి. ఇప్పుడు అన్ని ఫోన్లూ కంప్యూటర్లూ వాడే యూనికోడ్ కాని పాత డీటీపీ ఫాంట్లలో కొట్టినవైతే మనం ఫోన్లో కొట్టే తెలుగుకు చిక్కవు. ‘హుద్‌హుద్’ అని పొల్లు విడదీసి రాస్తే ఒక మాట, ఒత్తు కలిపి రాస్తే ఇంకో మాట అనుకునే కేటలాగులూ ఉన్నాయి.

డబ్బుల్లేవని మాత్రం అనవద్దు. కేటలాగు నడిపే కోహా సాఫ్ట్‌వేర్ ఉచితం. ఎన్‌ఐసీ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ తయారుచేసిన అలాంటిదే ఈ-గ్రంథాలయ, ప్రభుత్వ లైబ్రరీలకు ఉచితం. రెండింటిలోనూ తెలుగు లిపి నడుస్తుంది. రికార్డులకు చాలా దేశాల్లో వాడే మార్క్ 21 పద్ధతిలో ఒకే పేరును రెండో లిపిలో రాసుకోవడానికి 880 అనే గడి ప్రత్యేకంగా ఉంది. ఆస్తిపన్నుతో పాటు మనం గ్రంథాలయ సెస్సు కడుతూనే ఉన్నాం. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ఉన్నది అందుకే.

నవంబరు 14 నుంచి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు వస్తాయి. వ్యాసరచన, ముగ్గుల పోటీలు పెట్టుకోండి, కాదనను. ఆ వారంలో రోజూ ఒక గంట కేటలాగు ముందు పిల్లల్ని కూర్చోబెట్టి వెతికించండి. వెతికి దొరకని మాటలు రాయడానికి ఇష్యూ కౌంటరు దగ్గర ఒక నోటుపుస్తకం పెడితే, ముందుగా ఏ పేర్లు సరిచేయాలో సిబ్బందికి పాఠకులే చెబుతారు.

– ఒక పాఠకురాలు, సీతమ్మధార, విశాఖపట్నం