మేక టీకా ఆవుకు వేయడం మోసం కాదు

సంపాదకుడు గారికి,

నమస్కారం. మూడు వారాల కిందట మీ జిల్లా పేజీలో 'ఆవులకు మేకల మందు' అని పెద్ద శీర్షికతో వార్త వేశారు. ఆవుల ఒంటి నిండా గడ్డలు లేచే లంపీ స్కిన్ అనే వైరస్ జబ్బుకు వేస్తున్న టీకా అసలు ఆవులది కాదట, మేకలదట, రైతులను మోసం చేస్తున్నారట. ఎంపాక్స్ (మంకీపాక్స్), చికెన్‌పాక్స్, లంపీ స్కిన్ ఒకే జాతి వైరస్‌లనీ, పాలు తాగేవాళ్లు జాగ్రత్తగా ఉండాలనీ కూడా రాశారు. అంత చిన్న వార్తలో అన్ని తప్పులా? సవరణ మీరే వేస్తారని ఇన్నాళ్లు చూశాను. వేయలేదు.

పరకాల దగ్గర మా ఊళ్లో తమ్ముడికి రెండు ఆవులు, ఒక లేగ ఉన్నాయి. వార్త వచ్చిన మర్నాడే టీకాలవాళ్లు ఊరికొచ్చారు. మా మరదలు వేయనివ్వలేదు. ఫోన్ చేసి అడిగితే "మేకల మందు ఏసినంక ఆవుకు ఏమన్నా అయితే ఎవరు జిమ్మేదార్ బావా? పేపర్లనే రాసిన్రు గదా" అంది. ఆమెను తప్పుపట్టలేను. పేపర్లో వచ్చిందంటే నిజమేనని నమ్మే ఇల్లు మాది.

పోయిన ఆదివారం వెళ్లి చూశాను. చిన్నావుకు మెడ నిండా, పొదుగు పక్కన రూపాయి బిళ్లంత గడ్డలు. ముందుకాళ్లు వాచాయి, నోట్లోంచి సొంగ కారుతోంది. లేగ పాలకు వస్తే తన్నేస్తోంది. వేపాకు, పసుపు నూరి రాస్తున్నారు. వాడకట్టులో పాలు పోయించుకునేవాళ్లంతా బంద్ చేశారు. లంపీ స్కిన్ మనుషులకు రాదు. దోమలు, జోరీగలు, పిడుదులు దాన్ని ఒక పశువు నుంచి ఇంకో పశువుకు మోస్తాయి.

ఇంటర్ పిల్లలకు ముప్పై ఏళ్లు జువాలజీ చెప్పినవాణ్ని, అందుకే చెబుతున్నాను. పాక్స్ వైరస్‌లది పెద్ద వంశం, అందులో చాలా ఇళ్లున్నాయి. పశువుల లంపీ స్కిన్, గొర్రె మశూచి, మేక మశూచి ఒకే ఇంటివి. వాటి డీఎన్‌ఏ పక్కపక్కన పెట్టి చూస్తే నూటికి 96 పాళ్లకు పైగా ఒకటే. అందుకే ఒకదానికి చేసిన టీకా ఇంకోదాన్ని కూడా అడ్డుకుంటుంది. 2019లో ఒడిశాలో బయటపడిన ఈ జబ్బు 2022లో రాజస్థాన్, గుజరాత్‌లలో ఆవులను కుప్పలుగా చంపినప్పుడు మన దేశం వాడింది మేక మశూచి టీకానే.

ఎంపాక్స్‌ది వేరే ఇల్లు. మశూచి, ఆవు మశూచి, ఒంటె మశూచి దాని చుట్టాలు. బర్రెల పొదుగు మీద బొబ్బలు పోసే వైరస్ కూడా ఆ ఇంటిదే, అది పాలు పితికేవాళ్ల చేతులకు అంటుకుంటుంది. మీరు జాగ్రత్త చెప్పాల్సింది దాని గురించి. ఇక చికెన్‌పాక్స్ అసలు ఈ వంశమే కాదు, హెర్పిస్ వంశం. చిన్నప్పుడు వచ్చి నరాల్లో దాక్కుని, వయసు మళ్లాక సర్పిగా తేలేది అదే.

మా నాయనమ్మ వీటన్నిటినీ అమ్మవారనే అనేది, పోచమ్మకు బోనం ఎత్తేది. ఆమె కాలంలో తెలుసుకునే దారి లేదు. మీ విలేకరి ఒక్క పశువైద్యుడికి ఫోన్ చేస్తే సరిపోయేది.

ఇంగ్లండ్ డాక్టరు జెన్నర్ మశూచి రాకుండా 1796లో ఆవు మశూచి రసిని ఒక పిల్లవాడి చేతికి ఎక్కించాడు. వ్యాక్సిన్ అనే మాట పుట్టిందే లాటిన్‌లో ఆవు అనే మాట నుంచి. నా ఎడమ చేతి మీద ఇప్పటికీ ఆ టీకా మచ్చ ఉంది. మశూచి వైరస్‌కు దగ్గరి చుట్టాలు ఒంటెలోనూ, ఆఫ్రికాలోని ఒక రకం ఎలుకలోనూ ఉండేవి. మశూచి మాత్రం కాలక్రమంలో ఒక్కో జన్యువును పోగొట్టుకుంటూ మనిషినే పట్టుకుని ఉండిపోయింది. దాక్కోవడానికి ఇంకో జంతువు లేదు కాబట్టే టీకాతో దాన్ని తుడిచిపెట్టగలిగాం, 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ మాట ప్రకటించింది. ఆవు రోగం మనిషిని కాపాడినప్పుడు మేక టీకా ఆవును కాపాడితే మోసం ఎట్లా అయింది?

అధికారుల తప్పూ తక్కువేం లేదు. వచ్చినవాళ్లు సూది వేసి పోవడమే తప్ప ఇది ఫలానా, ఇందుకు వేస్తున్నాం అని ఒక్క మాట చెప్పరు. మా వైపు పశువుల దవాఖాన బోర్డు మీద ఇంకా 'వరంగల్ రూరల్' అనే ఉంది. డాక్టర్ వారానికి రెండు రోజులు వస్తే గొప్ప. అడగడానికి మనిషి లేనప్పుడు రైతు పేపర్నే నమ్ముతాడు. ఒకప్పుడు పేపర్లలో వారానికో సైన్స్ పేజీ వచ్చేది, కత్తిరించి క్లాసులో గోడకు అంటించేవాణ్ని. ఇప్పుడు ఆ జాగాలో ప్లాట్ల యాడ్‌లు వస్తున్నాయి.

సవరణ వేస్తే లోపలి పేజీలో మూలన వేయకండి. అదే జిల్లా పేజీలో, అంతే పెద్ద అక్షరాలతో వేయండి. మా తమ్ముడి రెండో ఆవుకు ఇంకా టీకా పడలేదు. ఊళ్లో అలాంటి కొట్టాలు చాలా ఉన్నాయి, వాళ్లు చదివేది ఆ పేజీనే.

- ఒక రిటైర్డ్ జువాలజీ లెక్చరర్, హనుమకొండ