బిడ్డా, ‘కావున’ ముందు రాయి

నల్లగొండ

బిడ్డకు,

నాన్న దీవెనలు. మేమంతా బాగున్నాం. అమ్మకు మోకాలి నొప్పి తగ్గింది. మందు పనిచేసిందో, కోడళ్ల ముచ్చట్లకు పక్కింటికి పోవాలన్న ఆరాటం పనిచేసిందో తెలియదు.

మొన్న ఫోన్‌లో నీ గొంతు చిన్నబోయింది. “నీ మెయిల్స్‌లో పాయింట్ ఎక్కడుందో వెతుక్కోవాల్సి వస్తోంది” అని మీ మేనేజర్ అన్నాడని చెప్పావు. తెలుగు మీడియంలో చదివినందుకే ఇలా అవుతోందేమోనని టెన్షన్ పడుతున్నావు. నువ్వు చదివి వినిపించిన మెయిల్ నేను రెండుసార్లు విన్నాను. ఇంగ్లీషుకు ఏ లోటూ లేదు. లోటు వరుసలో ఉంది. ఆ సంగతి నాకు కొంచెం తెలుసు. ఎమ్మార్వో ఆఫీసు గేటు పక్కన వేపచెట్టు కింద టేబుల్ వేసుకుని, ఊళ్ల నుంచి వచ్చినవాళ్లకు అర్జీలు రాసి పెట్టే మనిషిని కదా. పనున్న మనిషి, ఆ పని చేయగల మనిషికి రాసేది ఏదైనా అర్జీయే. మీ ఆఫీసులో దానికి మెయిల్ అని పేరు.

తిప్పర్తి వైపు నుంచి ఒక రైతు వచ్చాడనుకో. కూర్చోగానే “సార్, మా తాత కాలంల ఈ భూమి...” అని మొదలుపెడతాడు. తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి బాయి కాడి పంచాయితీకి, అక్కడి నుంచి చిన్నాయన కొడుకు పెట్టిన తిప్పలకు వస్తాడు. అరగంట విన్నాక అసలు సంగతి బయటపడుతుంది. తండ్రి చనిపోయాడు, భూమి ఇంకా ఆయన పేరు మీదనే ఉంది, ఇప్పుడు తన పేరు మీదికి విరాసత్ కావాలి. అంతే. చెప్పినవన్నీ నిజాలే. అతనికి అవన్నీ ముఖ్యమే. కానీ తహసీల్దార్‌కు కావాల్సింది ఆ చివరి ముక్క. అందుకే నేను అన్నీ విని, కాగితం మీద మాత్రం ముందు ఇది రాస్తాను: “విషయం: ఫలానా గ్రామం సర్వే నంబర్ 128/ఆ, విస్తీర్ణం ఎ.2-20 గుంటల భూమిని మరణించిన నా తండ్రి పేరు నుంచి నా పేరుకు విరాసత్ చేయుట గురించి.”

ఎప్పుడైనా సోమవారం సెలవు దొరికితే జనం అర్జీలు ఇచ్చుకునే ప్రజావాణి జరిగే వేళకు కలెక్టరేట్‌కు వచ్చి చూడు. ఎంత వరుస ఉంటుందో. ఒక్కో కాగితం మీద అధికారి చూపు ఎంతసేపు నిలుస్తుంది? పైన ‘విషయం’ చూస్తారు, కింద ‘కావున’ ఎక్కడుందో చూస్తారు, మనిషి ముఖం చూసి ఒక మాట అడుగుతారు, ఫలానా శాఖకు అని రాసి పక్కకు ఇస్తారు. నడుమ ఉన్న కథ తర్వాత క్లర్కు చదవాలి, చదివితే. భూముల రికార్డులకు ధరణి పోయి భూభారతి వచ్చినా, కాగితం పోయి కంప్యూటర్ వచ్చినా, చదివేవాళ్ల తీరు మారలేదు.

అర్జీలో ‘కావున’ చివర రావడం మర్యాద. “కావున తమరు దయతలచి...” అని ముగిస్తేనే అది అర్జీలాగా ఉంటుందని జనం నమ్మకం. కాగితం ఒకే పేజీ కాబట్టి అది చెల్లుతుంది, కళ్లు కిందికి జారితే కావున దొరుకుతుంది. ఫోన్‌లో మెయిల్ చూసేవాడికి అలా దొరకదు. లిస్టులో కనిపించేది సబ్జెక్టు, దాని కింద మొదటి ముక్క మాత్రమే. నీ మొదటి ముక్క “హోప్ యు ఆర్ డూయింగ్ వెల్”. ఆయన బాగానే ఉన్నాడు బిడ్డా, నీకేం కావాలో చెప్పు.

నువ్వు చదివిన మెయిల్‌లో ముందు సోమవారం సర్వర్ ఆగిన ముచ్చట ఉంది. తర్వాత సపోర్ట్ వాళ్లకు చెప్పడం, వాళ్లు చూస్తామనడం, మంగళవారం మళ్లీ ఆగడం. అన్నిటికన్నా చివర “రిపోర్ట్ ఆలస్యం అయ్యే అవకాశం ఉంది, కైండ్లీ డూ ద నీడ్‌ఫుల్” అని ఉంది. ఆ నీడ్‌ఫుల్ ఏమిటో ఆయనే కనిపెట్టుకోవాలా? ఆలస్యం అంటే ఒక రోజా, ఒక వారమా? సబ్జెక్టులో ఏమో “రిగార్డింగ్ రిపోర్ట్”. నేనైతే ఇలా తిప్పి రాస్తాను. ఇంగ్లీషులోకి నువ్వే మార్చుకో.

“సబ్జెక్టు: జూలై రిపోర్ట్, గురువారం బదులు సోమవారం ఇవ్వడానికి మీ అనుమతి కావాలి.

సర్, జూలై రిపోర్ట్ రేపు గురువారానికి పూర్తి కాదు. సోమవారం మధ్యాహ్నం 3 గంటలకు ఇస్తాను. సోమ, మంగళవారాలు టెస్టింగ్ సర్వర్ పనిచేయలేదు, సపోర్ట్ టికెట్ నంబర్ కింద ఇచ్చాను. గురువారమే తప్పదంటే మొదటి రెండు భాగాలు ఇవ్వగలను. ఏది చేయమంటారో ఈ రోజు సాయంత్రం 5 లోపు చెప్పండి.”

ఇది చదివినవాడు “సరే, సోమవారం” అని ఒక్క మాట కొట్టి తన పనికి పోతాడు. మళ్లీ నీకు ఫోన్ చేసి “అంటే ఎప్పుడిస్తావ్?” అని అడగాల్సిన పని ఉండదు. రాసినదాన్ని పంపేముందు నువ్వు చూసుకోవాల్సింది అదొక్కటే: ఇది చదివి ఆయన నన్ను తిరిగి అడగకుండా పని చేయగలడా? అక్షర దోషాలు, కామాలు ఆ తర్వాత. నేను కూడా అర్జీ రాసి సంతకానికి ఇచ్చేముందు నన్ను నేను తహసీల్దార్ అనుకుని చదువుతాను. ఆ వేషంలో నాకు భలే విసుగు వస్తుంది, అప్పుడు సగం కొట్టేస్తాను.

అంకెల దగ్గర మాత్రం నిదానం. 128/అ అన్నది అన్న భూమి, 128/ఆ అన్నది తమ్ముడి భూమి. ఒక్క దీర్ఘం పోతే అన్నదమ్ములు మళ్లీ పంచాయితీకి ఎక్కుతారు. ఎ.2-20 అంటే రెండెకరాల ఇరవై గుంటలు, అంటే రెండున్నర ఎకరాలు. దాన్నే 2.20 అని చుక్క పెట్టి రాస్తే కొత్త పిల్లవాడు దశాంశం అనుకుంటాడు, అప్పుడది రెండెకరాల ఎనిమిది గుంటలే అవుతుంది. పన్నెండు గుంటలు గాలిలో కలిసినట్టే. మీ దగ్గర కూడా ఇలాంటివే ఉంటాయి. నువ్వు 05/06 అని రాస్తే మనకు జూన్ 5, అమెరికా వాళ్లకు మే 6. నెల పేరు అక్షరాలలో రాయి, గొడవ లేదు. “రేపు సాయంత్రం” అని రాస్తే ఎవరి సాయంత్రం? వాళ్లకు తెల్లారేసరికి మనకు రాత్రవుతుంది. తేదీ, గంట, ఏ దేశపు టైమో రాసెయ్యి.

జతపరిచే కాగితాల సంగతి. అర్జీ కింద “జత: 1. మరణ ధ్రువీకరణ పత్రం, 2. పాస్‌బుక్ జిరాక్స్, 3. ఆధార్ జిరాక్స్” అని రాస్తాం, పిన్ను కొట్టేముందు ఒక్కొక్కటి చూసుకుంటాం. మెయిల్‌లో ముందు ఫైల్ పెట్టి, తర్వాత మాటలు రాసి, అన్నిటికన్నా చివర అడ్రసు వేయి. మరిచిపోయే సమస్యే ఉండదు. జీమెయిల్‌లో 25 ఎంబీ దాటితే ఫైల్ పోదు, డ్రైవ్ లింకు అవుతుంది. ఆ లింకు తెరిచే అనుమతి ఎదుటివాళ్లకు ఇచ్చావో లేదో చూసుకో. మొన్న బ్యాంకు లోన్ కాగితాలు నువ్వు పంపినప్పుడు ఇంటర్నెట్ సెంటర్ పిల్లవాడు “అంకుల్, యాక్సెస్ అడుగుతోంది” అని కూర్చోబెట్టాడు. ఇంకొకటి, ఫైల్ పేరు “స్కాన్ 3 ఫైనల్ కొత్తది” అని ఉంటే రేపు నీకే దొరకదు.

సీసీ గురించి అడిగావు. ఇది మా గేటు దగ్గర పెద్ద శాస్త్రం. కొందరు తహసీల్దార్‌కు మొదటి అర్జీ రాయించేటప్పుడే “సార్, కింద కలెక్టర్ సారుకు, మంత్రి గారికి ప్రతి అని రాయండి, భయపడతడు” అంటారు. నేను రాయను. అవతలివాడు ఇంకా తప్పు చేయకముందే వాడి మీద ఫిర్యాదు చేసినట్టు ఉంటుంది. పని చేద్దామనుకున్నవాడు కూడా రూలు పుస్తకం తీస్తాడు. ముందు ఆయనకే రాయి. గడువు పెట్టు. గడువు దాటితే “సూచిక: ఫలానా తేదీ నాటి నా అర్జీ” అని పెట్టి రెండోసారి రాయి. మీరైతే అదే మెయిల్ కిందనే రాయాలి, కొత్తది మొదలుపెట్టొద్దు, పాతదంతా ఆయన కళ్ల ముందు ఉంటుంది. అప్పటికీ కదలకపోతే పైవాళ్లను సీసీలో పెట్టడంలో తప్పులేదు, అప్పుడు దానికి బలం కూడా ఉంటుంది. ‘రిప్లై ఆల్’ మాత్రం నొక్కేముందు పేర్లన్నీ ఒకసారి చదువు. “థ్యాంక్యూ” అన్న ఒక్క మాట కోసం నలభై మంది ఫోన్లు మోగనక్కర్లేదు.

కోపంతో వచ్చేవాళ్లు ఎక్కువమందే ఉంటారు. “రాయండి సార్, వాడు లంగ అని రాయండి, దొంగ అని రాయండి.” నేను ముందు చాయ్ తెప్పిస్తాను. ఆ తర్వాత “ఏ తారీఖున అడిగినవు? ఏమన్నడు? ఎవరున్నరు?” అని ఒక్కొక్కటీ అడిగి రాసుకుంటాను. తిట్టు రాస్తే విచారణ తిట్టు మీద జరుగుతుంది, పని పక్కకు పోతుంది. “12వ తేదీన దరఖాస్తు ఇచ్చాను, రసీదు ఉంది, నేటి వరకు జవాబు లేదు” అన్న వాక్యంలో కోపం లేదు, కానీ దానికి జవాబు చెప్పడం ఎంత కష్టమో ఆ కుర్చీలో కూర్చున్నవాడికే తెలుసు. నీకు కోపం వచ్చిన రాత్రి మెయిల్ రాసుకో, అడ్రసు గడి ఖాళీగా ఉంచు, పొద్దున చూడు. జీమెయిల్‌లో పంపినదాన్ని వెనక్కి లాగడానికి మామూలుగా 5 సెకన్లే ఉంటుందట, సెట్టింగ్స్‌లో 30 దాకా పెంచుకోవచ్చు. వాట్సాప్‌లో రాసినదాన్ని దిద్దుకోవడానికి 15 నిమిషాలు. కానీ ఈలోపు ఎవరైనా స్క్రీన్‌షాట్ తీస్తే నువ్వు దిద్దినా అది దిద్దుకోదు.

ఇక మెసేజీలు. “హాయ్” అని పెట్టి ఆగిపోయే అలవాటు మీ తరానికి ఎవరు నేర్పారో. “హాయ్ సర్”, “బిజీనా?”, “ఒక్కటి అడగాలి” అని మూడుసార్లు ఫోన్ మోగించి, నాలుగోసారి అసలు సంగతి. హాయ్, పని, గడువు, అన్నీ ఒకే మెసేజ్‌లో పెట్టు. ఒక సంగతికి ఒక మెసేజ్. మూడు ప్రశ్నలు ఒకచోట అడిగితే మొదటిదానికే జవాబు వస్తుంది, అది మానవ నైజం. నీకెవరైనా రాస్తే వెంటనే జవాబు తెలియకపోయినా “అందింది, శుక్రవారం లోపు చెప్తాను” అని పెట్టు. ఇన్‌వార్డులో ముద్ర వేసిన రసీదు చేతికి వస్తే రైతు ముఖం ఎలా తేటపడుతుందో నేను రోజూ చూస్తాను. నీలం టిక్కులు చూసి మనుషులు ఏవేవో ఊహించుకుంటారు.

ఊళ్లో చిన్నాయనది ఇంకా కీప్యాడ్ ఫోనే, ఆయనకు ఎస్సెమ్మెస్సే దిక్కు. ఇంగ్లీషు అక్షరాలలో ఒక ఎస్సెమ్మెస్‌కు 160 దాకా పడతాయి, తెలుగులో 70 మాత్రమే, అందులో గుణింతాలు, ఒత్తులు విడిగా లెక్క. అందుకని ఆయనకు తెలుగులోనే పెట్టు గానీ పొట్టిగా పెట్టు. ఇంగ్లీషు అక్షరాలలో తెలుగు రాసి ఆయన్ని తిప్పలు పెట్టకు. పోయినసారి నువ్వు “డబ్బులు పంపనా” అని అడిగితే “పంపిన” అనుకుని బ్యాంకుకు పోయి వచ్చాడు.

కొన్ని అసలు రాయొద్దు. ఎవరైనా పోయిన వార్త, పెళ్లి సంబంధం తప్పిన మాట, అప్పు అడగడం, వీటికి ఫోన్ ఎత్తు. టెలిగ్రాం ఉన్న రోజుల్లో “ఫాదర్ సీరియస్, స్టార్ట్ ఇమ్మీడియట్లీ” అని వచ్చేది. మాటకింత అని డబ్బు కట్టాలి కాబట్టి అంతకన్నా ఎక్కువ రాసేవాళ్లు కాదు, నిజం చెప్పే ధైర్యం లేక కూడా రాసేవాళ్లు కాదు. ఆ కాగితం పట్టుకుని మనిషి బస్సులో కూర్చుని దారంతా ఏమనుకుంటూ వచ్చేవాడో. 2013 జూలైలో టెలిగ్రాం మూసేశారు, ఆ అలవాటు మాత్రం వాట్సాప్‌లోకి వచ్చింది: “అర్జెంట్, కాల్ మీ.” ఎందుకో ఒక్క ముక్క రాయాలి కదా, “కంగారేం లేదు” అనైనా. పోయిన నెల నువ్వు అలా పెడితే మీ అమ్మ అన్నం వదిలేసింది. తీరా చూస్తే నీకు కావాల్సింది ఇంటర్ మెమో నంబరు.

అమ్మకు మాత్రం ఈ శాస్త్రమంతా వద్దు. ఆమెకు వాయిస్ మెసేజ్ పెట్టు, ఎంత పొడుగున్నా సరే, తాత కాలం నుంచి మొదలుపెట్టినా సరే. రెండుసార్లు వింటుంది, మూడోసారి పక్కింటామెకు వినిపిస్తుంది. మీ మేనేజర్‌కు వాయిస్ పెట్టకు.

సద్దుల బతుకమ్మకు వస్తావు కదా. ఏ తేదీన, ఎల్బీనగర్‌లో ఎన్ని గంటలకు బస్సు ఎక్కుతావో, చేతిలో ఎన్ని బ్యాగులు ఉంటాయో పెట్టు. ఒకటే బ్యాగు అయితే సైకిల్ మోటార్ మీద వస్తా, రెండు దాటితే ఆటో మాట్లాడాలి. ఉత్త “వస్తున్నా” అని పెడితే మీ అమ్మ పొద్దున్నుంచి నన్ను క్లాక్ టవర్ దాకా తిప్పుతూనే ఉంటుంది.

ఇట్లు,
నాన్న