రైలు గేటు దగ్గర కూత, లేజర్‌తో ఎక్స్‌రే

పర్లాకిమిడి

ఒరేయ్ బావా,

ఎలా ఉన్నావు? చెల్లెమ్మకి మెడనొప్పి తగ్గిందా? ఇక్కడ అందరం బాగానే ఉన్నాం, వానలు తగ్గాయి గానీ మహేంద్రతనయలో నీళ్లు ఇంకా నిండుగానే పారుతున్నాయి.

ఫోన్ చేసి చెప్పొచ్చు కదా, ఇంత ఉత్తరం ఎందుకు అంటావేమో, ఇది ఫోన్‌లో తేలే సంగతి కాదు. దసరాకి వచ్చినప్పుడు ఏటి ఒడ్డున కూర్చుని ఒకటి అడిగావు గుర్తుందా? "లేజర్‌తో ఎక్స్‌రేలు పుట్టిస్తారట కదా, మామూలు వెలుగు ఎక్స్‌రే ఎలా అవుతుందిరా?" అని. పదిహేడేళ్లుగా ఎక్స్‌రే గదిలో పనిచేస్తున్నవాణ్ని కదా, నాకు తెలిసిన పద్ధతిలోనే చెప్పేశాను, లేజర్ ఎలక్ట్రాన్లని తోస్తుంది, అవి వెళ్లి లోహానికి గుద్దుకుంటాయి, మా ట్యూబులో లాగే అని. నువ్వడిగినదానికి అది జవాబు కాదురా. ఇంటికొచ్చాక అనుమానమొచ్చి చదవడం మొదలుపెట్టాను, రెండు నెలలుగా రాత్రిళ్లు ఇదే పని. నీకు తప్పు చెప్పి ఊరుకోలేను, అందుకే రాస్తున్నాను.

ముందు మా ట్యూబు సంగతి. ఫిలమెంట్ వేడెక్కి ఎలక్ట్రాన్లు వదులుతుంది, డెబ్భై ఎనభై వేల వోల్టులు వాటిని లాగి టంగ్‌స్టన్ మీద కొడతాయి, అక్కడ ఎక్స్‌రే పుడుతుంది. కానీ పెట్టిన శక్తిలో నూటికి ఒక వంతే ఎక్స్‌రే, మిగతాదంతా వేడి. ఆ వేడికి లోహం కరిగిపోకుండా ఉండాలనే ఆ పళ్లేన్ని గిరగిరా తిప్పుతారు, నువ్వు మా గదికి వచ్చినప్పుడు విన్న ఆ గుయ్‌మనే శబ్దం అదే. ఇంకో ఇబ్బంది ఏమిటంటే, ట్యూబులోంచి వచ్చే కిరణాలన్నీ ఒక శక్తివి కావు, బలహీనమైనవీ బలమైనవీ కలగలిసి వస్తాయి. బలహీనమైనవి మనిషి ఒంట్లోనే ఇంకిపోతాయి, ఫొటోకి ఏమీ పనికిరావు. అందుకే అల్యూమినియం ఫిల్టర్ పెడతాం. పెట్టినా కలగలుపు కలగలుపే.

నువ్వడిగిన పద్ధతిలో లోహమే లేదు. ఖాళీ గొట్టంలో ఎలక్ట్రాన్లు దాదాపు కాంతి వేగంతో వస్తుంటాయి, వాటికి ఎదురుగా లేజర్‌ని పంపుతారు. ఆ లేజర్ వెలుగే ఎలక్ట్రాన్‌కి తగిలి, వెనక్కి తిరిగి, ఎక్స్‌రే అయి వస్తుంది. 1923లో ఆర్థర్ కాంప్టన్ కనిపెట్టినదానికి ఇది తలకిందులు, ఆయన ప్రయోగంలో ఎక్స్‌రే దాదాపు కదలకుండా ఉన్న ఎలక్ట్రాన్‌కి తగిలి తన శక్తిలో కొంత దానికిచ్చేసింది (ఆ పనికి 1927లో నోబెల్ వచ్చింది). ఇక్కడ ఎలక్ట్రాన్ దగ్గర బోలెడంత శక్తి ఉంది, వెలుగు దగ్గర కొంచెమే ఉంది, కాబట్టి ఇచ్చేది ఎలక్ట్రాన్, పుచ్చుకునేది వెలుగు. 1960లో మొదటి లేజర్ వచ్చింది, మూడేళ్లు తిరక్కుండానే 1963లో అమెరికాలో మిల్బర్న్, ఆర్మేనియాలో అరుత్యునియన్, తుమానియన్ ఎవరికి వారే ఈ ఆలోచన రాశారు. లేజర్‌తో ఏం చెయ్యాలో లోకానికి ఇంకా సరిగా తెలియని రోజుల్లోనే! ఇది చదివినప్పుడు నాకు నిజంగా ఒళ్లు జలదరించింది.

సరే, శక్తి ఎలా పెరుగుతుంది? నౌపడా నుంచి గుణుపురం వెళ్లే చిన్న బండి గుర్తు తెచ్చుకో. గేటు దగ్గర మనం నిలబడితే, వస్తున్నప్పుడు దాని కూత సన్నగా, పైస్థాయిలో వినిపించేది, దాటిపోగానే ఒక్కసారిగా బొంగురుపోయేది. ఇప్పుడు గేటు దగ్గర ఒక గంట మోగుతోందనుకో. బండిలో ఎదురొస్తున్నవాడికి ఆ గంట పైస్థాయిలో వినిపిస్తుంది, అది ఒకటి. ఆ శబ్దం ఇంజను ముఖానికి తగిలి తిరిగొస్తే, ఇప్పుడు ఆ శబ్దాన్ని పంపేది పరుగెత్తుకొస్తున్న బండి కదా, మన చెవికి చేరేసరికి ఇంకోసారి పైకెక్కుతుంది. మొత్తం రెండుసార్లు. ఆ గంట లేజర్, ఆ ఇంజను ఎలక్ట్రాన్. బండికి ఈ తేడా కొంచెమే ఉంటుంది, కాంతి వేగానికి వెంట్రుకవాసి దూరంలో ఉన్న ఎలక్ట్రాన్‌కి మాత్రం భయంకరంగా పెరుగుతుంది.

ఎంతో లెక్క చెప్తాను, కాగితం తీసుకో. కదలకుండా ఉన్న ఎలక్ట్రాన్ శక్తి 0.511 మెగా ఎలక్ట్రాన్ వోల్టులు (ఒక వోల్టు లాగితే ఎలక్ట్రాన్‌కి వచ్చే శక్తి ఒక ఎలక్ట్రాన్ వోల్టు, మెగా అంటే పది లక్షలు). దాన్ని 51 మెగా దాకా తోశామనుకో, అంటే వంద రెట్లు. అప్పుడు ఎదురొచ్చే వెలుగు ఆ ఎలక్ట్రాన్‌కి 200 రెట్ల శక్తితో కనిపిస్తుంది, తిరిగొచ్చేటప్పుడు మనకి ఇంకో 200 రెట్లు. రెండూ గుణిస్తే 40,000. మామూలుగా వాడే ఒక రకం లేజర్ ఉంది, కంటికి కనిపించదు, ఎరుపుకి అవతల ఉంటుంది, దాని ఒక్కో ఫోటాన్ (అంటే ఒక్కో వెలుగు తునక) శక్తి 1.17 ఎలక్ట్రాన్ వోల్టులు. 40,000తో గుణించు, దాదాపు 47 వేలు! 47 కిలో ఎలక్ట్రాన్ వోల్టులంటే అచ్చంగా మేము రోజూ వాడే ఎక్స్‌రే. ఎలక్ట్రాన్‌ని ఇంకో పది రెట్లు, 511 మెగా దాకా తోస్తే ఫలితం పది రెట్లు కాదు, వంద రెట్లు పెరుగుతుంది, 4.7 మెగా వస్తుంది, అది గామా కిరణం, అంటే ఎక్స్‌రేకన్నా బలమైనది. అదే లేజర్, అదే ఏర్పాటు, ఎలక్ట్రాన్ శక్తి ఒక్కటే మారింది. ఈ లెక్క మొదటిసారి నా చేత్తో వేసినప్పుడు రాత్రి పదకొండున్నర అయింది, మా ఆవిడని లేపి మరీ చూపించాను.

ఇందులో నాకు అన్నిటికన్నా నచ్చింది వేరే ఉంది. కిరణాలు నలుదిక్కులా చెదిరిపోవు, ఎలక్ట్రాన్ ఎటు పోతోందో అటే సన్నటి శంకువులా వస్తాయి. సరిగ్గా నడిమధ్యలో ఉన్నవాటికి శక్తి ఎక్కువ, పక్కకి పోయేకొద్దీ తగ్గుతుంది. కాబట్టి ముందొక చిన్న కన్నమున్న సీసం దిమ్మ పెట్టి మధ్యవాటినే రానిస్తే, దాదాపు ఒకే శక్తి ఉన్న ఎక్స్‌రే చేతికొస్తుంది. ఒంట్లో ఊరికే ఇంకిపోయే ఆ బలహీనపు కిరణాల బెడద ఉండదు.

మరి ఇంత బాగుంటే ప్రతి ఊళ్లోనూ ఎందుకు లేదు? తగలడమే కష్టంరా. ఫోటాన్ కంటికి ఒక ఎలక్ట్రాన్ ఎంత చిన్న గురి అంటే, చదరపు సెంటీమీటర్లలో రాస్తే దశాంశ బిందువు తర్వాత 24 సున్నాలు పెట్టి అప్పుడు 665 రాయాలి. కోట్లకొద్దీ ఎలక్ట్రాన్లకి ఎదురు అంతకన్నా ఎన్నో రెట్లు ఫోటాన్లు పంపినా, దాదాపు అన్నీ ఒకదాన్నొకటి తాకకుండానే దాటిపోతాయి. అందుకని రెండు పనులు చేస్తారు. ఎలక్ట్రాన్ల గుంపుని ఒక ఉంగరంలో తిప్పుతూ ఉంటారు, లేజర్‌ని రెండు మంచి అద్దాల మధ్య వేలసార్లు అటూ ఇటూ తిరిగేలా చేస్తారు. ప్రతి చుట్టుకీ ఆ రెండూ వెంట్రుకకన్నా సన్నని చోట, సెకనులో లక్ష కోట్లో వంతు లెక్కన సమయం తప్పకుండా కలవాలి. ఇక్కడ రోజుకి నాలుగుసార్లు కరెంటు పోయే వీధిలో ఉండి ఇది చదువుతుంటే ఆ పనిచేసేవాళ్ల ఓపికకి దండం పెట్టాలనిపించింది.

అయినా సాధించారు. జర్మనీలో మ్యూనిక్ దగ్గర గార్షింగ్‌లో 2015 నుంచి అలాంటి యంత్రం ఒకటి ఉంది, 15 నుంచి 35 కిలో వరకు ఎంత కావాలంటే అంతకి పెట్టుకోవచ్చు, ఉంగరం ఒక పెద్ద గదిలో పట్టేస్తుంది. మన ఇండోర్‌లో ఇండస్-2 ఉంది చూడు, అది సింక్రోట్రాన్, అంటే ఎలక్ట్రాన్లని పెద్ద ఉంగరంలో తిప్పి వాటి నుంచే ఎక్స్‌రే తీసే యంత్రం, అదీ మంచి ఎక్స్‌రేలే ఇస్తుంది కానీ దాని ఉంగరం చుట్టుకొలతే దాదాపు 172 మీటర్లు. అదంతా తెచ్చి ఆసుపత్రిలో పెట్టలేం. ఇదైతే ఎప్పుడో ఒకప్పుడు పెట్టొచ్చు. నా ఆశంతా అక్కడే ఉంది.

ఎందుకో నీకు తెలుసు. టెక్కలి వైపు క్వారీల్లో పనిచేసి దగ్గుతూ వచ్చేవాళ్లకి, కొండల మీంచి దిగొచ్చే సవరలకి ఛాతీ ఫొటో నేనే తీస్తాను. ఊపిరి బిగపట్టమని తెలుగులో, ఒడియాలో, వచ్చీరాని సవరలో చెప్తాను. ఎముక పాలలా తెల్లగా పడుతుంది, ఊపిరితిత్తి మాత్రం నల్లగా, ఏమీ లేనట్టు ఉంటుంది. అందులో తేడా నా కంటికి కనిపించేసరికి సగం రోగం ముదిరిపోయి ఉంటుంది. మా నాన్నకి అలాగే అయింది. మూడుసార్లు ఫొటో తీశారు, మూడుసార్లూ "క్లియర్" అని రాశారు. ఎవర్నీ తప్పుపట్టలేను, ఆ ఫొటోలో నిజంగా ఏమీ లేదు, ఇప్పటికీ దాచుకున్నాను, ఎన్నోసార్లు లైటుకి పెట్టి చూశాను.

2012లో కాలిఫోర్నియాలో ఇలాంటి లేజర్ యంత్రంతోనే ఎలుకల ఊపిరితిత్తులకి వేరే రకం ఫొటో తీశారు. ఎక్స్‌రే ఎంత ఆగిపోయింది అని కాకుండా, లోపలి సన్నటి గాలి అరల దగ్గర ఎంత చెదిరింది అని చూస్తారు. అరలు బాగుంటే బాగా చెదురుతుంది, పాడైతే చెదరడం తగ్గుతుంది. ఎంఫిసీమా (ఆ గాలి అరలు పాడైపోయే జబ్బు) వచ్చిన ఎలుకకీ ఆరోగ్యంగా ఉన్నదానికీ తేడా తేలిపోయింది. ఆ బొమ్మలు చూస్తూ చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను బావా.

గామా సంగతి క్లుప్తంగా చెప్తాను, అందులో నాకు అనుభవం లేదు. ప్రతి కేంద్రకానికీ తనదంటూ కొన్ని శక్తులుంటాయి, సరిగ్గా ఆ శక్తి గామా తగిలితేనే అది స్పందించి తిరిగి గామా వదులుతుంది. యురేనియం-235కి 1.73 మెగా దగ్గర అలాంటిదొకటి ఉంది. అంటే మూసిన ఇనప పెట్టెలో ఏముందో తెరవకుండానే చెప్పొచ్చు. మన ఛత్రపురం సముద్రపు ఇసుకలో మోనజైట్ అనే ఖనిజం ఉంది, అందులో థోరియం ఉంది కదా, అలాంటి బరువైన మూలకాల కేంద్రకాలని చదవడానికి ఇలాంటి గామా కావాలి. అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయంలో ఈ పని ఎన్నో ఏళ్లుగా నడుస్తోంది. జపాన్‌లో స్ప్రింగ్-8 అనే సింక్రోట్రాన్ దగ్గర 8 గిగా (గిగా అంటే వెయ్యి మెగా) ఎలక్ట్రాన్లతో 2.4 గిగా గామా పుట్టించారు.

ఇప్పుడు నీకో పని. గుండె రక్తనాళాల ఫొటోకి అయోడిన్ మందు ఎక్కిస్తారు కదా, అయోడిన్ 33.2 కిలో దాటగానే ఒక్కసారిగా ఎక్స్‌రేని ఎక్కువ మింగుతుంది. దానికి కాస్త కింద ఒక ఫొటో, కాస్త పైన ఒక ఫొటో తీసి, ఒకదాన్నుంచి ఒకటి తీసేస్తే ఎముకలు దాదాపు మాయమై రక్తనాళాలే మిగులుతాయి. ఆ 33.2 రావాలంటే ఎలక్ట్రాన్‌ని ఎంత దాకా తోయాలి? పైన చెప్పిన లేజరే, 1.17. నాకు 43 మెగా వచ్చింది. నువ్వూ వేసి చూడు, తేడా వస్తే వెంటనే రాయి, సంక్రాంతికి వచ్చినప్పుడు గేటు దగ్గర కూర్చుని సరిచూద్దాం.

నీ
బావ