ముందు సిలిండర్ తాళం, తర్వాతే బండి తాళాలు

సంపాదకులు గారికి నమస్కారం.

మాది మదనపల్లె దగ్గర పల్లె. బెంగళూరులో ఐదేళ్లు క్యాబ్ తోలి, రెండేళ్ల కిందట ఒక ప్రైవేటు అంబులెన్స్ కంపెనీలో డ్రైవర్‌గా చేరాను. ఇంటర్వ్యూ పది నిమిషాలు కూడా పట్టలేదు. ఓనర్ లైసెన్స్ చూశాడు. నిమ్హాన్స్, జయదేవ, విక్టోరియా ఆసుపత్రుల దారులు తెలుసా, నైట్ డ్యూటీ చేస్తావా అని అడిగాడు. సాయంత్రానికి తాళాలు చేతిలో పెట్టాడు. ఆక్సిజన్ సిలిండర్ తిప్పడం వచ్చా అని ఆయన అడగలేదు, ఎవరైనా నేర్పిస్తారా అని నేనూ అడగలేదు. పని దొరికిందన్న సంతోషంలో ఉన్నాను.

మూడో రోజు హెల్పర్ రాలేదు. దగ్గరే కదా, ఒక్కడివే వెళ్లిరా అన్నారు. బొమ్మనహళ్లిలో ఒక పెద్దావిడకు ఆయాసం. అనంతపురం వైపు వాళ్లే. కొడుకు ఆమె పక్కన కూర్చున్నాడు. సిల్క్ బోర్డు దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాం. "అన్నా, సీసాలో బుడగలు ఆగిపోయినాయి" అని వెనక నుంచి అరిచాడు. దిగి చూస్తే ఆక్సిజన్ మీటర్ ముల్లు సున్నా మీద ఉంది. పక్కనే ఇంకో సిలిండర్ ఉంది, నిండుగానే ఉంది. రెగ్యులేటర్ విప్పి దానికి ఎలా బిగించాలో తెలియదు. సిలిండర్ తెరిచే తాళం కోసం సీటు కింద, డ్యాష్‌బోర్డులో వెతికాను. దొరకలేదు. చేసేదేమీ లేక సైరన్ వేసుకుని ఆసుపత్రికి పోనిచ్చాను. అక్కడ నర్సమ్మ చూపించింది, ఆ తాళం సిలిండర్ మెడకే తాడుతో కట్టి ఉంది.

పెద్దావిడ బతికింది. ఆ కొడుకు నన్ను ఒక్క మాట అనలేదు. ఆ రాత్రి నాకు ముద్ద దిగలేదు.

అంబులెన్స్‌కు దారి ఇవ్వకపోతే జరిమానా ఉంది. బండి ఎలా ఉండాలో ఏఐఎస్-125 అనే ప్రమాణం ఉంది. డ్రైవర్‌కేమో 7,500 కిలోల లోపు బండి అయితే కార్లకిచ్చే మామూలు ఎల్‌ఎంవీ లైసెన్స్ చాలని 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు మళ్లీ చెప్పింది. మా లాంటి వాళ్లకు అది మేలే, కాదనను. కానీ కారు తోలే లైసెన్స్‌తో పేషెంట్‌ను ఒంటరిగా అప్పగించేస్తే ఎట్లా?

ఆరు నెలలకు వేరే కంపెనీకి మారాను. అక్కడ మొదటి పది రోజులు స్టీరింగ్ ముట్టనివ్వలేదు. వెనక ఈఎంటీ, అంటే పేషెంట్‌ను చూసుకునే శిక్షణ పొందిన మనిషి, పక్కన కూర్చోబెట్టారు. డ్యూటీ ఎక్కగానే ముల్లు చూడాలి, స్ట్రెచర్ టక్కుమని లాక్ పడేదాకా చేయి తీయకూడదు, గుండె ఆగితే నిమిషానికి 100 నుంచి 120 సార్లు ఛాతీ నొక్కాలి అని చేతులు పట్టుకుని నేర్పారు. చిన్న బండ్లలో ఉండే బీ-టైప్ సిలిండర్‌లో నిండుగా 1,500 లీటర్ల ఆక్సిజన్ ఉంటుంది. నిమిషానికి 10 లీటర్లు పెడితే రెండున్నర గంటలే. మదనపల్లె నుంచి పేషెంట్‌ను ఇక్కడికి తేవాలంటే ఒక్కోసారి మూడు గంటలు పడుతుంది. ఈ లెక్క నాకు అక్కడే తెలిసింది. మొదటి కంపెనీలో ఉన్నన్నాళ్లూ తెలియకుండానే తిరిగాను, తలచుకుంటే ఇప్పటికీ భయమేస్తుంది.

కర్ణాటక రవాణా, ఆరోగ్య శాఖలను నేను కోరేది ఒక్కటే. కొత్తగా చేరిన డ్రైవరైనా హెల్పరైనా కనీసం పది రోజులు తెలిసినవాళ్ల వెంట తిరిగాకే కాల్‌కు పంపాలని నిబంధన పెట్టాలి. ఒక్కడినే పంపడం పూర్తిగా ఆపాలి.

చిత్తూరు, అనంతపురం నుంచి ఈ పనికి వచ్చే తమ్ముళ్లూ, జీతం మాట్లాడేముందు మమ్మల్ని ఎన్ని రోజులు వెనక కూర్చోబెడతారని అడగండి. పేషెంట్‌ను తెచ్చే కుటుంబాలవాళ్లు బండి కదలకముందే మీటర్ ముల్లు చూపించమనండి, రెండో సిలిండర్ ఉందా అని అడగండి. మేమేమీ అనుకోం.

- ఒక అంబులెన్స్ డ్రైవర్, బొమ్మనహళ్లి, బెంగళూరు